పూతరేకు లెక్క

పూతరేకు తినడానికి అరనిమిషం పట్టదు. చేయడమే పెద్ద తతంగం. పొయ్యి మీద నున్నటి కుండ బోర్లించాలి. పల్చటి బియ్యపు జావలో గుడ్డ ముంచి, దాన్ని ఆ వేడి కుండ మీద అలా పరిచి ఇలా లాగాలి. రెప్పపాటులో కాగితం కన్నా పల్చటి రేకు లేచి వస్తుంది. ఇది ఒక పని. ఆ రేకుల మీద నెయ్యి రాసి, పంచదారో బెల్లప్పొడో చల్లి, విరక్కుండా మడత పెట్టడం రెండో పని.

2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఆత్రేయపురం వైపు ఎప్పుడైనా వెళితే గమనించండి. రేకులు తీసే ఇళ్లు వేరు, చుట్టి అమ్మేవాళ్లు వేరు. కుండ దగ్గర కూర్చున్న మనిషికి చుట్టడం రాక కాదు. చుట్టే మనిషి కుండ ముఖం ఎరగనిదీ కాదు. మరెందుకు పంచుకున్నారు?

‘ఎవరికి ఏది బాగా వస్తే అది చేస్తారు, ఇందులో వింతేముంది?’ అంటారు మీరు. నిజమే. కానీ ఒకే మనిషికి రెండు పనులూ బాగా వస్తే? పక్కనున్న మనిషికి రెండూ అంతంతమాత్రమే అయితే? అప్పుడు కూడా పంచుకోవాలా? ఇక్కడే లెక్క తిరగబడుతుంది. ఆ తిరగబడే లెక్కను 1817లో లండన్‌లో ఓ షేర్ల వ్యాపారి పుస్తకంలో రాసిపెట్టాడు. రెండు వందల ఏళ్లు దాటినా ప్రపంచ వాణిజ్యం గురించి ఎవరు వాదించుకున్నా మొదట ఆ లెక్క దగ్గరికే రావాలి. మనం వంటింట్లో వాడే నూనె ప్యాకెట్టు వెనకా అదే ఉంది.

ఆ పెద్దమనిషి దగ్గరికి వెళ్లేముందు కుండ దగ్గరే కాసేపు కూర్చుందాం.

అక్కకు రెండూ వచ్చు

ఓ ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు. (లెక్క తేలిగ్గా ఉండాలని అంకెలు నేను వేసుకున్నవి. ఆత్రేయపురం ఆడపడుచులు నవ్వుకోకూడదు!) పెద్దకోడలు చెయ్యి తిరిగిన మనిషి. గంటకు 120 రేకులు తీస్తుంది. కుండ వదిలి పీట దగ్గర కూర్చుంటే గంటకు 60 పూతరేకులు చుట్టేస్తుంది. చిన్నకోడలు కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. గంటకు తీసేది 40 రేకులే. చుట్టడమూ 40 వరకే. ఒక్కో పూతరేకుకు రెండు రేకులు కావాలి. రోజుకు ఇద్దరూ పనిచేసేది ఆరేసి గంటలు.

తోడికోడళ్లకు మాటల్లేవు అనుకోండి. (అంత కష్టపడి ఊహించుకోవాల్సిన సంగతేం కాదు.) ఎవరి కుండ వారిదే. పెద్దావిడ మూడు గంటలు రేకులు తీసి, మూడు గంటలు చుడుతుంది. సాయంత్రానికి 180 పూతరేకులు. చిన్నావిడ నాలుగు గంటలు కుండ దగ్గర మగ్గి 160 రేకులు తీస్తుంది. మిగిలిన రెండు గంటల్లో వాటిని 80 పూతరేకులుగా చుడుతుంది. ఇద్దరివీ కలిపి 260.

ఇప్పుడు అత్తగారు కలగజేసుకుంది. ‘ఒసేయ్, మీరిద్దరూ మాట్లాడుకోండర్రా’ అంది. ‘నాకు రెండూ దానికన్నా బాగానే వచ్చు కదత్తయ్యా, దానితో నాకేం పని?’ అంది పెద్దకోడలు. చాలామంది దేశాధినేతలు కూడా ఇవాళ్టికీ అనే మాట ఇదే.

అత్తగారు వేలు మడిచి లెక్క చెప్పింది. ‘నువ్వు ఒక పూతరేకు చుట్టే టైములో ఎన్ని రేకులు తీయగలవే? రెండు. మరి అదో? ఒక్కటి. అంటే నువ్వు చుట్టడానికి కూర్చున్న ప్రతిసారీ రెండేసి రేకులు పోగొట్టుకుంటున్నావు. అది పోగొట్టుకునేది ఒకటే.’

అదీ కిటుకు. ఎవరి చెయ్యి వేగం అన్నది కాదు ప్రశ్న. ఒక పని చేస్తున్నప్పుడు ఎవరు ఏం వదులుకుంటున్నారన్నది. ఆ వదులుకున్నదానికి అర్థశాస్త్రంలో పెట్టిన పేరు అవకాశ వ్యయం. ఆదివారం పూట మీరీ పేజీ చదువుతున్నారంటే ఓ కునుకో, సినిమాలో ఓ రీలో, పిల్లాడి లెక్కల హోంవర్కో వదులుకున్నారన్నమాట. ఈ పేజీకి మీరు కట్టిన అసలు ధర అదే, పేపరువాడికిచ్చింది కాదు.

సరే, అత్తగారి మాట ప్రకారం చిన్నకోడలు ఆరు గంటలూ చుట్టడానికే కూర్చుంది. 240 పూతరేకులు చుట్టింది. వాటికి కావాల్సిన 480 రేకులు పెద్దకోడలు నాలుగు గంటల్లో తీసేసింది. ఆమెకింకా రెండు గంటలు మిగిలాయి. ఒక గంటలో 120 రేకులు తీసి, ఇంకో గంటలో వాటిని 60 పూతరేకులుగా చుట్టింది. మొత్తం ఎన్ని? 300. అవే నాలుగు చేతులు, అవే ఆరు గంటలు, అవే కుండలు. ఎవరి వేగమూ పెరగలేదు. కానీ నలభై పూతరేకులు ఎక్కడినుంచో ఊడిపడ్డాయి!

కాగితం పెన్నూ తీసుకుని మీరూ వేసి చూడండి. నేను మొదటిసారి వేసినప్పుడు ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్లీ వేశాను.

సారా, బట్ట, ఓ షేర్ల వ్యాపారి

ఆ లండన్ షేర్ల వ్యాపారి పేరు డేవిడ్ రికార్డో. 1772లో పుట్టాడు. పోర్చుగల్ మూలాలున్న యూదుల కుటుంబం. తండ్రి ఆమ్‌స్టర్‌డామ్ నుంచి లండన్ వచ్చి స్థిరపడ్డాడు. కొడుకు పధ్నాలుగో ఏటే తండ్రి వెంట షేర్ల బజారుకెళ్లాడు. ఇరవయ్యొకటో ఏట వేరే మతం అమ్మాయిని పెళ్లి చేసుకుంటే ఇంట్లోవాళ్లు వెలేశారు. చేతిలో ఉన్నది కొద్దిపాటి డబ్బు, మార్కెట్‌లో సంపాదించుకున్న మంచిపేరు. వాటితోనే నాలుగు పదులు దాటేసరికి ఇంగ్లండ్‌లోని సంపన్నుల్లో ఒకడయ్యాడు. 1815లో వాటర్లూ యుద్ధానికి ముందు బ్రిటిష్ ప్రభుత్వం అమ్మిన రుణపత్రాలు కొన్నవాళ్లలో ఆయనా ఉన్నాడు. నెపోలియన్ ఓడిపోగానే వాటి ధర ఎగసింది. జనాభా సిద్ధాంతంతో ప్రపంచాన్ని భయపెట్టిన మాల్థస్ ఆయన ప్రాణమిత్రుడు. మాల్థస్ పేరిట కూడా కొన్ని పత్రాలు తీసిపెట్టాడు రికార్డో. మాల్థస్‌కే ధైర్యం చాల్లేదు, యుద్ధం ముగియకముందే తన వాటా అమ్మేయమన్నాడు!

అలాంటి వ్యాపారికి అర్థశాస్త్రం పిచ్చి ఎక్కడ పట్టుకుందంటే... 1799లో భార్య ఆరోగ్యం కోసం బాత్ నగరానికి వెళ్లినప్పుడు. కాలక్షేపానికి ఆడమ్ స్మిత్ పుస్తకం చేతికి తగిలింది. పద్దెనిమిదేళ్ల తర్వాత తనే ఓ పుస్తకం రాశాడు. అందులో విదేశీ వాణిజ్యం అధ్యాయంలో కొద్ది పేరాల్లో వచ్చేదే మన పూతరేకుల లెక్క. ఆయన రేకులకు బదులు బట్ట, ద్రాక్షసారా తీసుకున్నాడు. తోడికోడళ్లకు బదులు పోర్చుగల్, ఇంగ్లండ్‌లను తీసుకున్నాడు.

ఆయన వేసిన అంకెలివి: కొంత బట్ట నేయడానికి ఇంగ్లండ్‌లో వంద మంది ఏడాదిపాటు పనిచేయాలి. కొంత సారా తయారుచేయడానికి అక్కడైతే 120 మంది కావాలి. అదే సారాకు పోర్చుగల్‌లో 80 మంది చాలు. అదే బట్టకు 90 మంది చాలు. అంటే పోర్చుగల్ పెద్దకోడలు. రెండు పనుల్లోనూ దానిదే పైచేయి. అయినా అది బట్టను ఇంగ్లండ్ నుంచే తెప్పించుకోవాలంటాడు రికార్డో. ఎందుకంటే 80 మంది చేసిన సారా ఇచ్చి, ఇంట్లో అయితే 90 మంది చేయాల్సిన బట్ట తెచ్చుకుంటుంది. పది మంది శ్రమ మిగులు. ఇంగ్లండ్ వంద మంది నేసిన బట్ట ఇచ్చి, 120 మంది పని అయిన సారా తెచ్చుకుంటుంది. ఇరవై మంది శ్రమ మిగులు. మన కాలేజీ పుస్తకాల్లో దీన్నే తులనాత్మక వ్యయ సిద్ధాంతం అన్నారు. పేరు చూసి పారిపోయిన విద్యార్థులెందరో!

కొన్ని దశాబ్దాల కిందట స్టానిస్లా ఉలాం అనే గణిత శాస్త్రవేత్త తన మిత్రుడు పాల్ శామ్యూల్‌సన్‌ను ఆటపట్టించాడు. ‘మీ సామాజిక శాస్త్రాలన్నిట్లో కలిపి... నిజమూ అయి, చూడగానే తెలిసిపోనిదీ అయిన సూత్రం ఒక్కటి చెప్పు చూద్దాం’ అని. నోబెల్ అందుకున్న ఆ ఆర్థికవేత్తకు అప్పటికప్పుడు ఏమీ తోచలేదు. ఏళ్లు గడిచాక జవాబు దొరికింది: ఇదే, రికార్డో లెక్క. తర్కం సరైందని గణితజ్ఞుడికి రుజువు చేయక్కర్లేదు. అంత తేలికైంది కాదనడానికి వేలమంది తెలివైనవాళ్లకు అది బోధపడకపోవడమే సాక్ష్యం అన్నాడాయన.

లెక్క సరే, లోకంలో నిజంగా ఇలా జరుగుతుందా? దీన్ని పరీక్షించడానికి ఓ దేశం తలుపులు బిడాయించుకుని ఉండి ఒక్కసారిగా తెరవాలి. అలాంటి దేశం చరిత్రలో ఒకటి దొరికింది. జపాన్. రెండు వందల ఏళ్లకు పైగా దాదాపు మూసుకుని ఉండి 1859లో రేవులు తెరిచింది. తెరవగానే పట్టు, తేయాకు ఓడలెక్కాయి. నూలు బట్టలు, ఉన్ని బట్టలు దిగాయి. బెర్న్‌హోఫెన్, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆనాటి ధరలన్నీ తవ్వితీసి 2004, 2005లలో ఫలితాలు ప్రకటించారు. సరుకులు కదిలిన దిక్కు రికార్డో చెప్పినట్టే ఉంది. లాభం? మహా అయితే జాతీయాదాయంలో ఎనిమిది తొమ్మిది శాతం. ‘ఇంతేనా’ అనిపిస్తుంది. కానీ ఒక్క కొత్త యంత్రం లేకుండా, కేవలం ఇచ్చిపుచ్చుకోవడంతో వచ్చింది అది.

ఆ నలభై ఎవరివి?

మళ్లీ ఇంటికొద్దాం. ఎక్కడినుంచో ఊడిపడిన ఆ నలభై పూతరేకులు ఎవరివి?

చెరి ఇరవై అంటారు మీరు. అలా పంచుకుంటే పెద్దావిడకు 200, చిన్నావిడకు 100. బానే ఉంది. కానీ పెద్దకోడలు గడుసుదనుకోండి. ‘ఇదిగో చెల్లీ, నాదొకటి చుట్టిపెడితే ఒక రేకు ఇస్తాను, అంతకన్నా ఇవ్వను’ అంటే? చిన్నావిడకు సాయంత్రానికి మిగిలేది ఎనభయ్యే. ఒంటరిగా చేసుకున్నప్పుడూ అదే ఎనభై. నలభైకి నలభై అక్క బుట్టలోకి పోతాయి. చిన్నదే తెలివైందై ‘రెండు రేకులిస్తేనే చుడతానక్కా’ అని భీష్మించుకుంటే ఆమెకు 120. అక్కకు పాత 180. ఒకటికీ రెండుకీ మధ్య బేరం ఎక్కడైనా తెగొచ్చు. ఎక్కడ తెగుతుందో రికార్డో లెక్క చెప్పదు. ఆ సంగతి ఎవరు ఎన్నాళ్లు ఆగగలరు, ఎవరికి వేరే గిరాకీ ఉంది, పొయ్యి ఎవరిది, కుండ ఎవరిది అన్నవాటిని బట్టి తేలుతుంది.

పోర్చుగల్ కథే చూడండి. రికార్డో అంకెలు ఊహించుకున్నవే గానీ సారా, బట్టల ఉదాహరణ మాత్రం గాల్లోంచి తీసింది కాదు. 1703 డిసెంబరులో ఇంగ్లండ్, పోర్చుగల్ ఓ ఒప్పందం చేసుకున్నాయి. కుదిర్చిన రాయబారి పేరుతో దాన్ని మెథ్యూన్ ఒప్పందం అంటారు. చరిత్రలో ఇంత చిన్న ఒప్పందాలు అరుదు. సారాంశం రెండు ముక్కలే. పోర్చుగల్ ఇంగ్లిష్ ఉన్నిబట్టలను రానిస్తుంది. ఇంగ్లండ్ పోర్చుగల్ సారా మీద సుంకం ఫ్రెంచి సారా మీద కన్నా మూడో వంతు తక్కువ వేస్తుంది.

అంతకు ముందు పోర్చుగల్‌లో ఎరిసెయిరా ప్రభువు పూనికతో కొవిల్యా లాంటి ఊళ్లలో ఉన్నిబట్టల కార్ఖానాలు మొదలయ్యాయి. ఒప్పందం తర్వాత అవి డీలాపడ్డాయి. డౌరో లోయ కొండవాలుల్లో ద్రాక్షతోటలు పెరిగాయి. ఇంగ్లండ్ దొరలు విందుల్లో పోర్ట్ వైన్‌కు అలవాటుపడ్డారు. అయినా లెక్క సరిపోలేదు. తెచ్చుకునే బట్టకు పంపే సారా చాల్లేదు. ఆ తేడాను పోర్చుగల్ తన వలసరాజ్యం బ్రెజిల్ గనుల బంగారంతో పూడ్చుకుంటూ పోయింది. 1750ల్లో మంత్రి పొంబాల్ సారా వ్యాపారాన్ని అదుపులో పెట్టడానికి ఏకంగా డౌరో తోటలకు సరిహద్దు రాళ్లు పాతించాల్సి వచ్చింది.

అంటే రికార్డో తప్పా? తప్పు కాదు. ఏడాది లెక్క ఏడాదికి సరిగ్గానే ఉంది. కానీ సారా వందేళ్ల తర్వాత కూడా సారాయే. బట్ట అలా కాదు. బట్ట వెంట మర వచ్చింది, మర వెంట ఆవిరి వచ్చింది, ఆవిరి వెంట ఇనుము, రైలు... చిన్నకోడలు చుడుతూ చుడుతూ చుట్టే యంత్రం కనిపెట్టిందనుకోండి, అలా అయింది.

బందరు రేవు చెప్పే కథ

ఈ కథలో మనవాళ్లకూ ఓ పాత్ర ఉంది. ఇంగ్లిష్ కంపెనీ ఓడ 1611లోనే మచిలీపట్నం వచ్చింది. సారా కోసం కాదు, బట్ట కోసం. చాయవేరు ఎరుపు, నీలి మందు, కలంకారీ అద్దకం... ఉతికినా రంగు పోని ఆ నూలుబట్టలు చూసి యూరప్ ఆడవాళ్లు మతులు పోగొట్టుకున్నారు. రికార్డో భాషలో చెప్పాలంటే బట్టలో ఆధిక్యం మనది.

మరి స్వేచ్ఛా వ్యాపారం గురించి లోకానికి పాఠం చెప్పిన దేశం అప్పుడేం చేసింది? 1700లో చట్టం చేసి భారత, పర్షియా, చైనాల అద్దకపు బట్టలు దేశంలో అమ్మకుండా నిషేధించింది. అది చాలక 1719లో లండన్ నేతగాళ్లు వీధుల్లో తిరుగుతూ చీటీబట్ట కట్టిన ఆడవాళ్ల ఒంటి మీది గుడ్డలు చించారు. 1721లో అద్దకపు నూలుబట్ట కట్టడమే నేరమైంది. ఆ గోడ చాటున లాంకషైర్ మరలు ఎదిగాయి. ఆర్థిక చరిత్రకారుల లెక్క ఒకటుంది. వంద పౌన్ల దూది వడకడానికి మన రాట్నం మీద యాభై వేల గంటలు పట్టేది. 1780 ప్రాంతంలో క్రాంప్టన్ మరకు రెండు వేల గంటలు. 1825కల్లా కొత్త మర మీద 135 గంటలు! అప్పుడు గోడలు కూలగొట్టి, రండి స్వేచ్ఛగా వ్యాపారం చేద్దాం అన్నారు.

ఇక్కడ అవకాశ వ్యయం అన్న మాటను ఇంకోసారి తిరగేసి చూడాలి. నేతపని మానేసిన మనిషి ‘ఇంకో పని’ చేస్తాడని లెక్క అనుకుంటుంది. కుండ దగ్గర నుంచి పీట దగ్గరికి లేచి వెళ్లడానికి చిన్నకోడలికి అరనిమిషం పడుతుంది. మగ్గం దగ్గర నుంచి లేచిన మనిషి ఎక్కడికి వెళ్లాలి? చాలామందికి దొరికింది పొలంలో కూలి. ఆ దారి నడవడానికి కొన్ని కుటుంబాలకు రెండు తరాలు పట్టింది.

అనంతపురం చేను, మలేసియా చెట్టు

ఇప్పుడు మీ వంటింట్లోకి. నూనె ప్యాకెట్టు పామోలిన్ కాకపోవచ్చు. కానీ బయట తిన్న పకోడీ, బిస్కెట్టు, మిక్చరు... ఎక్కడో ఓచోట పామాయిల్ తగలక తప్పదు. దేశం ఏటా దాదాపు కోటిన్నర టన్నుల వంటనూనె దిగుమతి చేసుకుంటోంది. వాడే నూనెలో సగానికి పైగా పరాయి దేశాలదే.

ముప్పై ఏళ్ల కిందట ఇలా లేదు. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ మొదలైంది. 1990ల తొలినాళ్లకు దిగుమతులు వాడకంలో కొద్ది శాతానికి దిగిపోయాయి. పసుపు విప్లవం అన్నారు. 1994లో తలుపులు తెరుచుకున్నాయి. పామోలిన్ మీద మొదట 65 శాతం ఉన్న సుంకం నాలుగేళ్లలో 15 శాతానికి వచ్చింది. దాని వెనకే ఓడలూ వచ్చాయి.

‘వాళ్లకు ఎకరానికి బోలెడు నూనె వస్తుంది, మనమెక్కడ పోటీ పడతాం’ అనేది మామూలుగా వినిపించే సమర్థన. అంకెలు నిజమే. బాగా కాసే పామాయిల్ తోటలో హెక్టారుకు నాలుగు టన్నుల దాకా నూనె వస్తుంది. వాన మీద బతికే అనంతపురం వేరుసెనగ చేలో అందులో పదో వంతు రావడమూ కష్టమే. కానీ రికార్డో చదివిన మనిషి అడగాల్సిన ప్రశ్న ఇది కాదు. పెద్దకోడలి వేగంతో మనకు పనిలేదని కదా అత్తగారు చెప్పింది! అడగాల్సిందేమిటంటే, అనంతపురం ఎర్రనేలలో వేరుసెనగ వేయడం వల్ల మనం వదులుకుంటున్నదేమిటి? ఏడాదికి ఐదున్నర వందల మిల్లీమీటర్ల వాన, అదీ వస్తే వచ్చినట్టు. ఆ నేలలో వేరుసెనగ మానేస్తే వరి పండుతుందా? కంప్యూటర్ కంపెనీ లేస్తుందా? బోరు పడినవాడు చీనీతోట వేసుకున్నాడు. పడనివాడు మిషన్ కట్టుకుని మళ్లీ బోరు వేశాడు, అప్పు చేశాడు, చివరికి బెంగళూరు బస్సెక్కాడు. వేరుసెనగలో నూనె ఒక్కటే కాదు, ఎద్దుకు కట్టె, గేదెకు చెక్క కూడా వస్తాయి. వదులుకునేది తక్కువ ఉన్నచోట తక్కువ దిగుబడి కూడా లాభమే. ఎకరానికి ఎంత నూనె అన్న ఒక్క కొలత మీద తీర్పు చెప్పినవాళ్లు రికార్డోను తలకిందులుగా చదివారనే నా అనుమానం.

అలాగని సుంకం పెంచేసి తలుపు వేసుకుంటే? వంద కోట్ల మందికి పైగా ఉన్న దేశంలో రేషన్ దుకాణం ముందు నూనె కోసం నిలబడ్డ తల్లులు గుర్తుకు రావాలి. చవక నూనె వల్ల ఒక్కో ఇంటికి నెలకు మిగిలేది పది రూపాయలో యాభయ్యో. అది కోట్ల ఇళ్లల్లో మిగులుతుంది, ఎవరికీ కనపడదు. పోయేది మాత్రం కొన్ని జిల్లాల్లో కుప్పగా పోతుంది, అందరికీ కనపడుతుంది. లెక్క మొత్తంగా చూస్తే దేశానికి లాభమే కావచ్చు. లాభపడ్డవాడు నష్టపోయినవాడికి పరిహారం ఇచ్చినా ఇంకా మిగులుతుందని అర్థశాస్త్రం అంటుంది. ‘ఇవ్వొచ్చు’ అంటుంది. ఇచ్చినట్టు కదిరి బస్టాండులో ఎవరూ చెప్పరు.

రెండో వైపు కూడా చూడాలి. ఇండొనేసియా, మలేసియాలకు ఎదురు వెళ్లే సరుకుల్లో మన గుంటూరు మిరపకాయ ఉంది. చైనా, థాయిలాండ్, బంగ్లాదేశ్‌ల వరకు వెళ్లే తేజ రకం కారానికి అక్కడా గిరాకీయే. అనంతపురం రైతు పోగొట్టుకున్న దాంట్లో కొంత గుంటూరు రైతు జేబులోకి చేరిందన్నమాట. వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు ఎప్పుడూ చూసి ఉండరు.

గెల ఒకరోజు ఆగదు

2022 ఏప్రిల్ 28న ఇండొనేసియా హఠాత్తుగా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. తమ దేశంలోనే నూనె ధర మండిపోతోందని. మూడు వారాలు దాటాక, మే 23న మళ్లీ వదిలింది. ఆ కొద్దిరోజుల్లో ఇక్కడ కిరాణా కొట్లలో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. చుట్టేపని మొత్తం ఒకరికే అప్పగించినవాళ్లకు ఆ మనిషి మంచమెక్కితే ఎలా ఉంటుందో దేశానికి తెలిసొచ్చింది. అంతకు ముందే, 2021 ఆగస్టులో కేంద్రం పామాయిల్ సాగుకు 11,040 కోట్ల రూపాయలతో జాతీయ మిషన్ ప్రకటించి ఉంది. ఇప్పుడు ఆ చెట్టును ఇక్కడే పెంచుదామన్నమాట.

దేశంలో ఆ చెట్టు ఎక్కువగా ఉన్నది మన దగ్గరే. ఏలూరు పక్కన పెదవేగిలో పామాయిల్ పరిశోధన సంస్థే ఉంది. పశ్చిమగోదావరి మెట్ట, ఖమ్మం వైపు అశ్వారావుపేట... మైళ్ల కొద్దీ తోటలు. నీళ్లు బోర్లవి. మలేసియాలో ఆ నీళ్లు ఆకాశం నుంచి ఊరికే పడతాయి. మన చెట్టు అసలు ఖరీదు అక్కడుంది. అదే నీళ్లతో మొక్కజొన్నో, కూరగాయలో, పొగాకో పండించి ఉంటే ఏమొచ్చేదన్న దాంట్లో.

మెట్ట రైతు ఈ లెక్క పుస్తకం చూడకుండానే వేస్తాడు. మొక్క నాటితే మూడు నాలుగేళ్లు కాపు ఉండదు. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా కాస్తుంది. అంటే ఒకసారి ఊ అంటే పాతికేళ్లకు ఊ అన్నట్టే. మధ్యలో మనసు మార్చుకోవడం చాలా ఖరీదు. అందుకే చెట్ల నీడన కోకో కూడా పెడతాడు. 2024లో ప్రపంచ మార్కెట్‌లో కోకో ధర చరిత్రలో ఎన్నడూ లేనంతగా ఎగసినప్పుడు, నీడ పంటే అసలు పంటను మించిపోయిందని మురిసిపోయినవాళ్లున్నారు.

ఇక గెల. కోసిన తర్వాత ఒకటి రెండు రోజుల్లో మిల్లుకు చేరకపోతే నూనె పాడవుతుంది. ధాన్యంలా గాదెలో పోసి మంచి ధర కోసం ఆగే వీల్లేదు. పైగా 1993 నాటి ఆంధ్రప్రదేశ్ పామాయిల్ చట్టం ప్రకారం ఏ మండలం ఏ ఫ్యాక్టరీ కిందికి వస్తుందో ముందే రాసిపెట్టి ఉంటుంది. దానివల్ల మిల్లు తప్పకుండా కొనాలి, నిజమే. రైతు ఇంకోచోట అమ్ముకోలేడు, అదీ నిజమే. ధర గెలలో ఎంత శాతం నూనె ఉందన్న లెక్క మీద, ప్రపంచ మార్కెట్ మీద, ఢిల్లీలో సుంకం మీద తేలుతుంది. 2024 సెప్టెంబరులో ముడినూనె మీద ప్రాథమిక సుంకం సున్నా నుంచి 20 శాతం చేశారు. తోటల్లో పండగ. 2025 మే నెలాఖరున 10కి దించారు. వంటింట్లో పండగ.

నూనె శాతం గురించి మాత్రం రైతుల గొడవ ఏళ్లనాటిది. అశ్వారావుపేట మిల్లులో ఎక్కువ శాతం తేలుతున్నప్పుడు, పక్కనే గట్టు దిగితే వచ్చే మా ఊళ్లో అదే చెట్టుకు, అదే గెలకు తక్కువెందుకు తేలుతుందని ఆంధ్ర వైపు రైతులు ధర్నాలు చేశారు. తెలంగాణ ధరే మాకూ ఇవ్వాలని పట్టుబట్టి కొంత సాధించుకున్నారు కూడా. ఆ ఒకటీ అరా శాతం టన్ను గెలల మీద వందల రూపాయలు.

చుట్టినందుకు ఒక రేకా, రెండు రేకులా... పాత బేరమే. వాళ్లు మళ్లీ కోతకొచ్చినప్పుడు మళ్లీ మొదలవుతుంది.